చతురస్రం కూడా దీర్ఘచతురస్రమేనా?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలోనే చదివాను. లెక్కల్లో ఎప్పుడూ మంచి మార్కులే. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చాం, కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, ఇంగ్లిష్ మీడియం. ఇన్నాళ్లూ లెక్కలు నేనే చెప్పాను. మొన్న పరీక్ష ముందు రోజు ‘అమ్మా, స్క్వేర్ కూడా రెక్టాంగిలేనా?’ అని అడిగింది. ‘కాదే, చతురస్రం వేరు, దీర్ఘచతురస్రం వేరు’ అన్నాను. పరీక్షలో సరిగ్గా అదే వచ్చింది. నేను చెప్పినట్టే రాసింది, తప్పు పడింది. ‘నీకు తెలిసినవి పాత లెక్కలమ్మా’ అని పుస్తకం తీసుకుని వెళ్లిపోయింది. అప్పటి నుంచి నా దగ్గర కూర్చోవడం లేదు. రాంబస్, ట్రెపీజియం, హైపోటెన్యూస్ లాంటి పేర్లు వింటేనే నాకు టెన్షన్. ట్యూషన్‌కు పంపిద్దాం అంటారు మావారు. హొసకోట దగ్గర ముప్పై నలభై సైటు కొన్నాం, దాని వాయిదాలతోనే సరిపోతోంది. ఈ పేర్లు నేను నేర్చుకుని మళ్లీ చెప్పగలనా? — ఒక తల్లి, బెంగళూరు

సమాధానం:

అమ్మా, ముందు ఆ మార్కు సంగతి తేల్చుకుందాం. టీచరు దిద్దింది సరిగ్గానే ఉంది. చతురస్రం కూడా దీర్ఘచతురస్రమే. మీరు చెప్పిన జవాబు ఈనాటి పాఠ్యపుస్తకం ప్రకారం తప్పు. అయితే మీకు లెక్కలు రాకపోవడం వల్ల ఈ తప్పు జరగలేదు, తెలుగు మీడియంలో చదవడం వల్ల అంతకన్నా కాదు. ఒక పేరు మిమ్మల్ని దారి తప్పించింది. అది ఎక్కడ తప్పించిందో చూస్తే, మిగతా పేర్ల భయం కూడా చాలావరకు పోతుంది.

దీర్ఘచతురస్రం అన్న మాటను విడదీయండి. గుణింతం నేర్చుకున్న నాటి నుంచి దీర్ఘం అంటే సాగదీసి పలికేది అని మనకు తెలుసు. అందుకే ఈ పేరు వినగానే ‘పొడుగ్గా సాగిన చతురస్రం’ అని మనసులో నాటుకుంటుంది. అలా నాటుకున్నాక, సాగని మామూలు చతురస్రం దీర్ఘచతురస్రం ఎలా అవుతుంది? మీ ఆలోచనలో లోపం లేదు. పేరును నమ్మిన వాళ్లెవరైనా అక్కడికే వస్తారు.

నిజానికి చతురస్రం అన్న మాటలో ‘సమానం’ అన్న అర్థం ఎక్కడా లేదు. చతుర్ అంటే నాలుగు, అస్రం అంటే మూల. నాలుగు మూలలు ఉన్నది, అంతే. యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బ సూత్రాలని ఉన్నాయి, శుల్బం అంటే కొలతాడు. వాటిలో స్క్వేర్‌కు సమచతురస్రం అని, రెక్టాంగిల్‌కు దీర్ఘచతురస్రం అని కనిపిస్తుంది. ఒకటి సమానమైన నాలుగు మూలల ఆకారం, రెండోది పొడవైన నాలుగు మూలల ఆకారం. పక్కపక్కన నిలబడ్డ రెండు పేర్లు అవి. మన వాడుకలో మొదటిదాని ముందున్న ‘సమ’ రాలిపోయింది. దాంతో రెండోది మొదటిదానిలోంచి పుట్టినట్టు కనిపిస్తోంది. మీ చుట్టూ ఉన్న కన్నడ మీడియం పిల్లలు రెక్టాంగిల్‌ను ఆయత అంటారు, స్క్వేర్‌ను చౌక అంటారు. ఒక పేరులో ఇంకో పేరు లేదు కాబట్టి వాళ్లకు మాట వల్ల వచ్చే ఈ చిక్కు లేదు.

ఇంకో మాట కూడా మీ అమ్మాయికి చెప్పండి. క్రీస్తు పూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ జ్యామితికి పునాది వేసిన తన గ్రంథం మొదటి భాగంలో 23 నిర్వచనాలు ఇచ్చాడు. 22వ నిర్వచనంలో నాలుగు భుజాల ఆకారాలు వస్తాయి. అక్కడ ఆయన చతురస్రాన్ని, కోణాలు లంబంగా ఉండి భుజాలు మాత్రం సమానం కాని ఆకారాన్ని వేరువేరుగా పెట్టాడు. అంటే మీరు మీ అమ్మాయికి ఇచ్చిన జవాబే యూక్లిడ్ కూడా ఇచ్చి ఉండేవాడు. తర్వాతి కాలంలో గణితం ఆ పద్ధతి మార్చుకుంది, ఎందుకు మార్చుకుందో తెలిస్తే పాఠం మొత్తం తెలిసినట్టే.

నేటి పద్ధతిలో ప్రతి ఆకారానికీ ఒక షరతు ఉంటుంది. ఆ షరతు తీరితే ఆ పేరు దక్కుతుంది. దీర్ఘచతురస్రానికి షరతు ఏమిటి? నాలుగు భుజాల ఆకారంలో నాలుగు కోణాలూ 90 డిగ్రీలు ఉండాలి. అంతే. పొడవు, వెడల్పు వేరుగా ఉండాలని ఎక్కడా లేదు. చతురస్రం ఆ షరతును తీరుస్తోందా? తీరుస్తోంది. అయితే అది దీర్ఘచతురస్రమే. భుజాలన్నీ సమానంగా ఉండటం దానికి అదనంగా ఉన్న గుణం. మదనపల్లె వాళ్లంతా రాయలసీమ వాళ్లే, రాయలసీమ వాళ్లంతా మదనపల్లె వాళ్లు కారు. చతురస్రాలన్నీ దీర్ఘచతురస్రాలే, దీర్ఘచతురస్రాలన్నీ చతురస్రాలు కావు.

ఇలా పెట్టుకోవడం వల్ల లాభం ఏమిటంటే, ఒకసారి చేసిన రుజువు మళ్లీ చేయనక్కరలేదు. సమాంతర చతుర్భుజంలో కర్ణాలు ఒకదాన్నొకటి సగం చేసుకుంటాయని నిరూపించాం అనుకోండి. దీర్ఘచతురస్రం, రాంబస్, చతురస్రం అన్నీ సమాంతర చతుర్భుజాలే కాబట్టి ఆ ఫలితం వాటన్నిటికీ అప్పుడే వచ్చేసినట్టు. వేరువేరు గదుల్లో పెడితే ఒక్కో గదిలో మళ్లీ మొదటి నుంచి నిరూపించాలి.

ఈ విషయం నేనూ ఒక పిల్లవాడి దగ్గరే నేర్చుకున్నాను. పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఒకడు లేచి ‘మూడు భుజాలూ సమానమైన త్రిభుజం సమద్విబాహు త్రిభుజం అవుతుందా?’ అని అడిగాడు. కాదు అన్నాను. ‘రెండు భుజాలు సమానంగా ఉన్నాయి కదా, మూడోది కూడా సమానమైతే ఏం పోయింది?’ అన్నాడు. ఆ రాత్రి పుస్తకాలు తీసి చూసుకున్నాను. వాడిదే సరైన మాట. మర్నాడు క్లాసులో అందరి ముందూ అదే చెప్పాను. వాడు ఆ ఏడాదంతా ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాడు. మీ అమ్మాయితో మీరు కూడా ‘నేను చెప్పింది తప్పు, ఎందుకు తప్పయిందో కనుక్కున్నాను, చూడు’ అనండి. తన దగ్గర తప్పు ఒప్పుకున్న అమ్మను పిల్లలు చిన్నచూపు చూడరు.

ఇక ఆ పేర్ల సంగతి. మీరు భయపడుతున్న ఇంగ్లిష్ పేర్లలో చాలావాటికి ఇంగ్లిష్‌లో కూడా సొంత అర్థం లేదు. గ్రీకు, లాటిన్ నుంచి అరువు వచ్చినవి. మీ అమ్మాయి వాటిని ఉత్త శబ్దాలుగా బట్టీ పడుతోంది. మీ దగ్గరున్న తెలుగు పేర్లలో చాలావాటి లోపలే షరతు ఉంది. అది మీకు పెద్ద ఆస్తి.

రాంబస్ తీసుకోండి. గ్రీకులో ఆ మాటకు గిరగిరా తిరిగేది అని అర్థం. దాన్నిబట్టి ఎనిమిదో తరగతి పిల్లకు ఏం తెలుస్తుంది? తెలుగులో దాని పేరు సమచతుర్భుజం. నాలుగు భుజాలూ సమానమైనది. పేరే నిర్వచనం. ఇందాకటి సమచతురస్రానికీ దీనికీ తేడా చూడండి, అక్కడ అస్రం, ఇక్కడ భుజం. కాజూ కత్లీ ముక్క గుర్తు తెచ్చుకోండి, అదే రాంబస్. పిల్లలు దాన్ని డైమండ్ అంటారు, పేకముక్కల వల్ల అలవాటైన పేరు. జవాబు పత్రంలో మాత్రం డైమండ్ అని రాయకూడదని చెప్పండి.

దీన్ని చేతులతో చూపించే పద్ధతి ఒకటుంది, ఎన్నో ఏళ్లు నా క్లాసుల్లో ఇదే చేయించాను. ఒకే పొడవున్న నాలుగు చీపురు పుల్లలు తీసుకుని, మూలల్లో సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కలతో కలపండి. ఆ చట్రాన్ని ఒక మూల నుంచి మెల్లగా నొక్కండి. పుల్లల పొడవు మారదు, కోణాలు మాత్రం మారుతూ పోతాయి. ఏ స్థితిలో ఆపినా అది సమచతుర్భుజమే. ఆ ప్రయాణంలో ఒక్కచోట కోణాలన్నీ 90 అవుతాయి, ఆ క్షణానికి అది చతురస్రం. అక్కడ ఆపి అడగండి: ‘ఇప్పుడు ఇది సమచతుర్భుజం కాకుండా పోయిందా?’ తను ఆలోచించుకునే దాకా జవాబు మీరు చెప్పకండి. తర్వాత రెండు పొడుగు పుల్లలు, రెండు పొట్టి పుల్లలతో ఎదురెదురుగా అవే వచ్చేలా కట్టండి. అది సమాంతర చతుర్భుజం, ఎదురెదురు భుజాలు సమాంతరంగా ఉండేది. దాన్ని నిటారుగా నిలబెట్టినప్పుడు దీర్ఘచతురస్రం. పొట్టి పుల్లలు రెండూ ఒకచోట, పొడుగువి రెండూ ఒకచోట వచ్చేలా కడితే గాలిపటం, పుస్తకంలోనూ దాని పేరు కైటే.

ట్రెపీజియం అంటే గ్రీకులో చిన్న బల్ల. మన సమలంబ చతుర్భుజం అన్న పేరు కాస్త ఆగి చూడాల్సింది. లంబ అంటే వేలాడేది. మేస్త్రీ గోడ నిటారుగా ఉందో లేదో చూడటానికి తాడుకు గుండు కట్టి వేలాడదీస్తాడే, అలా కిందికి దిగే గీత. పైగీత మీద ఏ చోటి నుంచి కిందిగీతకు అలాంటి గీత దించినా పొడవు ఒకటే వస్తే ఆ రెండు గీతలూ సమాంతరమన్నమాట. ఒక జత భుజాలు సమాంతరమని ఆ పేరు చెబుతోంది. ఇక్కడ ఒక జాగ్రత్త. మీ అమ్మాయి ఫోన్‌లో అమెరికా వాళ్ల వీడియోలు చూస్తుంటే, వాళ్లు ఈ ఆకారాన్ని ట్రెపిజాయిడ్ అంటారు. ట్రెపీజియం అన్న మాటను వాళ్లు ఏ భుజాలూ సమాంతరం కాని ఆకారానికి వాడతారు. మన పుస్తకాలది బ్రిటిష్ వాడుక. పిల్లలు ఇక్కడ తికమకపడటం చాలాసార్లు చూశాను.

త్రిభుజాలకు వస్తే సమబాహు, సమద్విబాహు, విషమబాహు అన్న పేర్లు మీకు వచ్చు, వాటి అర్థం వాటిలోనే ఉంది. ఐసోసిలస్ అంటే గ్రీకులో సమానమైన కాళ్లున్నది, స్కేలీన్ అంటే ఎగుడుదిగుడు. మనం చేతులు అన్నాం, వాళ్లు కాళ్లు అన్నారు. అక్యూట్ అంటే పదునైన, అబ్‌ట్యూస్ అంటే మొద్దుబారిన. కత్తి మొనలాగా కూచిగా ఉంటే అల్పకోణం, మొద్దుగా ఉంటే అధిక కోణం. రైట్ యాంగిల్‌లో రైట్ అంటే కుడి కాదు, నిటారు అని. కుడివైపు తిరిగి ఉంటేనే రైట్ యాంగిల్ అనుకునే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు, ఓసారి అడిగి చూడండి.

ఒక్క మాట దగ్గర మాత్రం తెలుగు మీకు అడ్డం వస్తుంది. అది కర్ణం. డయాగ్నల్‌కూ, హైపోటెన్యూస్‌కూ మనకు అదొక్కటే మాట. కన్నడంలో మూల నుంచి మూలకు గీసేది కర్ణ, లంబకోణ త్రిభుజంలోది వికర్ణ. ఇంగ్లిష్‌లోనూ రెండు మాటలే. డయాగ్నల్ అంటే ఒక కోణం నుంచి ఇంకో కోణానికి పోయేది. హైపోటెన్యూస్ అంటే లంబకోణానికి ఎదురుగా, దాని కింద బిగించి కట్టినట్టు ఉండే భుజం. దీర్ఘచతురస్రంలో డయాగ్నల్ గీస్తే అది రెండు లంబకోణ త్రిభుజాలుగా విడిపోతుంది. ఆ గీతే ఆ రెండు త్రిభుజాలకూ హైపోటెన్యూస్ అవుతుంది. అందుకే మనవాళ్లకు ఒక్క మాట సరిపోయింది. కానీ పక్కకు వంగిన రాంబస్‌లో డయాగ్నల్ గీస్తే వచ్చే రెండు త్రిభుజాల్లో లంబకోణం ఉండదు, కాబట్టి అక్కడ ఆ గీత హైపోటెన్యూస్ కాదు. ఇంగ్లిష్ మాటలు రెండూ మీ అమ్మాయి దగ్గర నేర్చుకోండి. ‘ఇది నువ్వు నాకు చెప్పు’ అని అడిగితే, తను మళ్లీ మీ పక్కన కూర్చోవడానికి ఒక కారణం దొరుకుతుంది.

ఇప్పుడు మీ సైటు. ఉత్తరంలో దాన్ని మీరు కష్టాల లెక్కలో రాశారు కానీ, మీ ఇంటికి అంతకన్నా మంచి జ్యామితి పాఠం ఇంకోటి లేదు. ముప్పై నలభై అంటే 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు, 1,200 చదరపు అడుగులు. 30ని 30తో గుణిస్తే 900. 40ని 40తో గుణిస్తే 1,600. రెండూ కలిపితే 2,500, అంటే 50ని 50తో గుణించినంత. కాబట్టి మీ సైటు కర్ణం సరిగ్గా 50 అడుగులు ఉండాలి. బౌధాయన శుల్బ సూత్రం చెప్పేది ఇదే: దీర్ఘచతురస్రానికి మూల నుంచి మూలకు కట్టిన తాడు మీద వచ్చే వైశాల్యం, రెండు భుజాలూ విడివిడిగా ఇచ్చే వైశాల్యాల మొత్తానికి సమానం. ఆ వెంటనే ఉదాహరణలు వస్తాయి. అందులో మొట్టమొదటి జత మూడు, నాలుగు. మీ సైటు దానికి పదింతలు.

ఎవరైనా నాలుగు వైపులా టేపు పెట్టి 30, 40, 30, 40 అని చూపించినంత మాత్రాన అది దీర్ఘచతురస్రం కాదు. చీపురు పుల్లల చట్రం నొక్కినప్పుడు ఏమయిందో గుర్తుందా? భుజాలు మారకుండానే ఆకారం వంగిపోయింది. సైటు మూల 90కి బదులు 80 డిగ్రీలు ఉందనుకోండి. భుజాలు అవే ఉంటాయి, చుట్టుకొలత 140 అడుగులే ఉంటుంది. వైశాల్యం మాత్రం దాదాపు 1,182 చదరపు అడుగులకు తగ్గిపోతుంది. పద్దెనిమిది చదరపు అడుగులు పోయినట్టు. ఆ వంకర భుజాల్లో కనబడదు, కర్ణాల్లో బయటపడుతుంది. ఒకటి సుమారు 54 అడుగులు, ఇంకోటి సుమారు 45.6 అడుగులు వస్తాయి. రెండూ 50 వస్తేనే మూలలు సరిగ్గా ఉన్నట్టు. కారణం కూడా తనతో చెప్పించవచ్చు. కర్ణాలు సమానమైతే, ఒక భుజం మీద పక్కపక్కన ఉన్న రెండు త్రిభుజాలు మూడు భుజాల్లోనూ సమానం, కాబట్టి సర్వసమానం. అప్పుడు ఆ భుజం రెండు కొసల్లో ఉన్న కోణాలు సమానం. సమాంతర రేఖల మధ్య ఉన్నవి కాబట్టి ఆ రెండూ కలిపి 180. అంటే ఒక్కోటి 90.

‘పాత లెక్కలు’ అన్నదే, ఆ మాటకూ ఒక జవాబుంది. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహం రాశాడు. రాష్ట్రకూట రాజు అమోఘవర్ష నృపతుంగుడి కాలం అది. బెంగళూరు నడిబొడ్డున ఉన్న నృపతుంగ రోడ్డు ఆ రాజు పేరు మీదే ఉంది. ఆకారాల కొలతల కోసం క్షేత్రగణితం అని అందులో ఒక అధ్యాయమే ఉంది. ఆ పుస్తకాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. కన్నడ దేశంలో పుట్టిన లెక్క తెలుగులోకి వచ్చింది, ఇప్పుడు ఒక తెలుగు పిల్ల కన్నడ దేశంలో కూర్చుని అదే లెక్కను ఇంగ్లిష్‌లో చదువుతోంది. మాటలు మారాయి గానీ త్రిభుజం మారలేదు.

ట్యూషన్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ ఒక్క పాఠం కోసం పంపకండి. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. ఒక నోట్‌బుక్‌లో బొమ్మ గీసి, పక్కన ఇంగ్లిష్ పేరు తను రాయాలి, తెలుగు పేరు మీరు రాయాలి, కింద షరతు ఇద్దరూ కలిసి ఒక్క వాక్యంలో రాయాలి. ఆ వాక్యంలో అనవసరమైన మాట ఒక్కటి ఉన్నా కొట్టేయండి. పెద్ద తరగతుల్లో బీజగణితం ముదిరి మీకు అందకపోతే అప్పుడు ట్యూషన్ సంగతి ఆలోచిద్దురుగాని, అందులో చిన్నతనం ఏమీ లేదు.

సైటుకు ఆదివారం పొద్దున్నే వెళ్లండి, ఎండ ముదిరితే టేపు పట్టుకుని నిలబడటం కష్టం. ఇంట్లో ఉండే 5 మీటర్ల టేపు దీనికి చాలదు, 50 అడుగులంటే 15 మీటర్ల 24 సెంటీమీటర్లు. హార్డ్‌వేర్ షాపులో 30 మీటర్ల టేపు దొరుకుతుంది, లేదంటే పక్క సైటులో పని చేయిస్తున్న మేస్త్రీని అడిగినా కాసేపు ఇస్తాడు. నేల ఎత్తుపల్లాలుగా ఉంటే టేపు నేల మీద పరచకుండా బిగించి పట్టుకోండి, లేకపోతే కొలత ఎక్కువ వస్తుంది. ఒక కొస మీరు పట్టుకోండి, రెండో కొస అమ్మాయికి ఇవ్వండి, అంకె తననే చదవనివ్వండి. రెండు కర్ణాలూ ఎంతెంత వచ్చాయో నాకు రాయండి.